జుక్కల్ సీమ పనివారు: పనితనానికి పత్రం దొరికిన చరిత్ర

తెలంగాణకు పడమటి అంచున, మహారాష్ట్రలోని దెగ్లూరు తాలూకాకూ కర్ణాటకలోని బీదర్ జిల్లాకూ ఆనుకొని ఉన్న జుక్కల్ ప్రాంతం, ఏ పటంలో చూసినా ఏదో ఒక పరిపాలనా భాగానికి చివరి కొసగానే కనిపిస్తుంది. నిజాం రాజ్యపు చివరి దశలోనూ ఆ తరువాత కొన్నేళ్లూ ఇది నాందేడ్ జిల్లా దెగ్లూరు తాలూకాలో ఒక సర్కిల్, అంటే కొన్ని గ్రామాలను కలిపి ఒక రెవెన్యూ అధికారి కింద ఉంచిన భాగం. 1956 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లను దెగ్లూరు నుంచి విడదీసి కొత్తగా ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌లో చేర్చగా, ఆ ఏడాది నవంబరు 1 నుంచి అవి నిజామాబాద్ జిల్లాలో భాగమయ్యాయి. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు మళ్లీ జిల్లా మారాయి. తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ కలగలిసి వినిపించే ఈ సీమ నుంచి పనివారు తరతరాలుగా బయటికి పోతూనే ఉన్నారు. వారు పని నేర్చిన పద్ధతులు కాలాన్నిబట్టి మారాయి. అయితే నేర్చిన పనిని ఎవరు పరీక్షించారు, ఆ పరీక్షను ఎవరు ఒప్పుకున్నారు అన్న దాని మీదే ప్రతి కాలంలోనూ వారి కూలి తేలింది. ఈ ప్రాంతపు వృత్తివిద్య చరిత్రకు ఆధారసూత్రం అదే.

బడులు రాకముందు పని నేర్పింది కులమూ కుటుంబమే. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి మొదలైన వృత్తులవారికి పంట నూర్చిన వేళ రైతులు కళ్లంలోనే ధాన్యపు వాటా కొలిచి ఇచ్చేవారు. దీనినే తెలుగు పల్లెల్లో ఆయం అనీ, వాటా పొందేవారిని ఆయగాండ్లు అనీ అంటే, సరిహద్దుకు అవతలి మరాఠీ పల్లెల్లో దాదాపు ఇదే ఏర్పాటు బారా బలుతేదార్ల పేరుతో సాగింది. కమ్మరి పిల్లవాడు ముందు కొలిమి తిత్తి ఊది, ఆపైన పట్టుకారు పట్టి, చివరికి సుత్తె అందుకొనేవాడు. వడ్రంగి పిల్లవాడు బాడిసె పట్టకముందే ఏ చెక్క ఏ పనికి ఆగుతుందో చూసి తెలుసుకొనేవాడు. నల్లరేగడి నేలల్లో జొన్న, కంది, మినుము, పత్తి పండించే ఈ ప్రాంతంలో వడ్రంగి పనితనం తేలేది విత్తనపు గొర్రు దగ్గర. జడ్డిగం, అంటే గింజలు పోసే చెక్క గిన్నె, అడుగున ఉన్న రంధ్రాలన్నీ ఒకే కొలతలో ఉండాలి. గొర్రు కర్రల మధ్య దూరం ఎక్కడా తేడా రాకూడదు. ఒక రంధ్రం కాస్త ఇరుకైతే ఆ సాలులో మొలకలు పలచబడి, పది రోజులకల్లా ఆ తప్పు ఊరంతటికీ కనబడేది. పరీక్ష అంత కచ్చితమైనది కాబట్టి వేరే పత్రం అక్కర లేకపోయింది. కానీ ఆ పేరు పొలిమేర దాటేది కాదు. పక్క తాలూకాకు పోయిన వడ్రంగి అక్కడ మళ్లీ మొదటి నుంచి తన పని చూపించుకోవలసిందే.

పొలిమేర దాటిన పనివారికి ఏమి జరిగిందో బొంబాయి చరిత్ర చెబుతుంది. పద్దెనిమిదో శతాబ్దం చివర సముద్రపు పాయలను పూడ్చి ఆ నగరాన్ని విస్తరిస్తున్న రోజుల నుంచే నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతాల కట్టడపు పనివారు అక్కడికి చేరారు. కామాటీలుగా పేరుపడిన వారు స్థిరపడిన పేటకే కామాటిపుర అన్న పేరు నిలిచింది. 1900 ప్రాంతంలో సికింద్రాబాదు నుంచి కామారెడ్డి, నిజామాబాద్, నాందేడ్ మీదుగా మన్మాడ్ వరకు హైదరాబాద్–గోదావరి లోయ రైలుమార్గం పూర్తయ్యాక, నిజామాబాద్ సీమ పల్లెలకు బొంబాయి మరింత దగ్గరయింది. అయితే అక్కడ పని దొరికేది మేస్త్రీ ద్వారానే. ఊళ్లో బయానా ఇచ్చి ముఠాను కూర్చేది, కాంట్రాక్టరుతో ధర మాట్లాడేది, కూలి పంచేది అంతా ఆయనే కావడంతో, రాయి చెక్కేవాడి పనితనమూ తట్ట మోసేవాడి శ్రమా మేస్త్రీ పేరు చాటున ఒకే లెక్కలో కలిసిపోయేవి. కొత్త ఊళ్లో పనివాడి నేర్పుకు సాక్షి మేస్త్రీ ఒక్కడే అయినప్పుడు, ఆ సాక్ష్యపు ధర కూడా అతడి చేతిలోనే ఉండటంలో ఆశ్చర్యం లేదు.

విదేశీ విద్య ఈ సీమను తాకిన మొదటి పెద్ద సందర్భం నిజాంసాగర్ నిర్మాణం. గోదావరి ఉపనది అయిన మంజీర మీద, అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల దగ్గర, 1923లో మొదలై 1931లో పూర్తయిన ఈ ఆనకట్టకు రూపశిల్పి నవాబ్ అలీ నవాజ్ జంగ్. 1877 జూలై 11న జన్మించిన ఆయన హైదరాబాదు ప్రభుత్వ ఉపకార వేతనం మీద 1896లో ఇంగ్లండు వెళ్లి, కూపర్స్ హిల్‌లోని రాయల్ ఇండియన్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి తిరిగి వచ్చారు. తెలంగాణ ప్రభుత్వం ఆయన పుట్టినరోజునే ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుతోంది. ఒక సంస్థానం తన యువకుణ్ణి విదేశీ విద్యాలయానికి పంపి, ఆ చదువును స్వదేశపు నిర్మాణంలో వాడుకోవడం అప్పటి అంతర్జాతీయ భాగస్వామ్యానికి చక్కని ఉదాహరణ. కానీ ఆ భాగస్వామ్యం పై మెట్టు దగ్గరే ఆగింది. ఇంజనీరుకు పట్టా, సర్వేయరుకు ఉద్యోగం దక్కాయి. మూడు కిలోమీటర్ల పొడవైన రాతికట్టను చేతులతో లేపినవారు మాత్రం రోజుకూలీలుగా వచ్చి రోజుకూలీలుగానే వెళ్లారు. సుమారు 30 టీఎంసీల నీరు నిలిపేలా, అంటే 3,000 కోట్ల ఘనపుటడుగుల సామర్థ్యంతో కట్టిన ఆ జలాశయం ఆ తరువాతి దశాబ్దాల్లో పూడిక వల్ల 18 టీఎంసీలకు లోపుగా కుంచించుకుపోయింది.

ఆనకట్ట ఈ సీమలో నిలిచినా కాలువలు బాన్సువాడ, బోధన్, నిజామాబాద్ వైపు పారాయి. మంజీరకు పడమట ఉన్న జుక్కల్, మద్నూర్ భూములు వానమీద ఆధారపడే మిగిలాయి. నీరు పారిన చోట చెరకు విస్తరించగా, దానితోపాటు 1937లో బోధన్ దగ్గరి శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. ఫిట్టరు, వెల్డరు, బాయిలర్ అటెండెంటు వంటి పనులు ఈ జిల్లా జనానికి దగ్గరగా కనిపించింది అక్కడే. ఫ్యాక్టరీ పని ఆయపు పనిలాంటిది కాదు. ఆవిరి ఒత్తిడి ఎంత దాటకూడదో కాగితం మీద రాసి ఉంటుంది, యంత్రపు భాగాలు కొలతకు సరిపోవాలి, ఒక షిఫ్టులో దిగినవాడు చేసిన పనిని తరువాతి షిఫ్టువాడు అర్థం చేసుకోవాలి. అందువల్ల చదవడం, కొలవడం, రాసి ఉంచడం పనిలో భాగమయ్యాయి. కానీ ఫ్యాక్టరీకి చేరువలో ఉన్న పల్లెలకే ఆ శిక్షణ అందింది. మెట్టభూముల తండాలవారికి చెరకు ద్వారా అందింది కోత పని మాత్రమే.

ప్రభుత్వమే పనిని బడిలో నేర్పాలన్న ఆలోచనకు రెండో ప్రపంచయుద్ధం ఊపునిచ్చింది. ఆయుధ కర్మాగారాలకు పనివారు చాలక, 1941 నుంచి భారతీయ యువకులను ఎంపిక చేసి ఇంగ్లండుకు పంపి, లెచ్‌వర్త్ వంటి చోట్ల శిక్షణ ఇప్పించారు. నాటి బ్రిటిష్ కార్మిక మంత్రి ఎర్నెస్ట్ బెవిన్ పేరు మీద అది బెవిన్ శిక్షణ పథకంగా ప్రసిద్ధమైంది. ఇంజనీర్లను కాక, యంత్రాల మీద చేతులు పెట్టి పనిచేసేవారినే విదేశాలకు పంపడం అందులోని కొత్తదనం. యుద్ధం ముగిశాక ఇళ్లకు చేరిన సైనికుల పునరావాసానికి 1945లో పునరావాస, ఉపాధి డైరెక్టరేట్ జనరల్ ఏర్పడగా, దాని అనుభవం నుంచే 1950లో చేతివృత్తుల శిక్షణ పథకం పుట్టింది. ఈనాటికీ పారిశ్రామిక శిక్షణ సంస్థలు, అంటే జనం నోట ఐటీఐలు, నడిచేది ఈ పథకం కిందనే. 1956లో జాతీయ వృత్తిశిక్షణ మండలి దేశమంతటికీ ఒకే పాఠ్యప్రణాళిక, ఒకే పరీక్ష, ఒకే సర్టిఫికెట్ నిర్ణయించడంతో, ఊరి పేరుగానీ మేస్త్రీ మాటగానీ లేకుండా పనివాడి నేర్పును దేశంలో ఎక్కడైనా చూపించుకొనే పత్రం మొదటిసారి ఏర్పడింది. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ఆ శిక్షణకు ఫ్యాక్టరీలోని అనుభవాన్ని జోడించింది.

ఐటీఐలో ఏమి నేర్పుతారో దగ్గరగా చూస్తే పాత పద్ధతికీ దీనికీ ఉన్న తేడా తెలుస్తుంది. ఫిట్టర్ ట్రేడులో చేరిన కుర్రవాడికి మొదటి నెలల్లో ఇచ్చేది వైస్‌లో బిగించిన ఇనుప ముక్క, ఆకురాయి. ఆ ముక్కను నలుపలకలుగా సమంగా రాసి, మూలమట్టం ఆనించి, వెలుతురుకు అడ్డం పెట్టినప్పుడు సందులోంచి వెలుగు రాకుండా తేవాలి. ఆ తరువాత వెర్నియర్ కాలిపర్‌తో మిల్లీమీటరులో యాభయ్యో వంతు వరకు కొలిచి చూపాలి. కట్టడపు పనిలోనూ అంతే. ఇనుప కడ్డీ మందాన్ని మిల్లీమీటర్లలో వర్గం చేసి 162తో భాగిస్తే మీటరు కడ్డీ బరువు కిలోల్లో వస్తుందన్న సూత్రం ప్రకారం, 12 మిల్లీమీటర్ల కడ్డీ మీటరుకు సుమారు 0.89 కిలోలు తూగుతుంది. ఈ లెక్క తెలిసి, నక్షా చూసి, ఎక్కడ ఎన్ని కడ్డీలు ఎంత పొడవున వంచాలో ముందే రాసుకొనేవాడు స్టీల్ ఫిక్సర్. వంచమన్న చోట వంచేవాడు హెల్పర్. చేతి బలం ఇద్దరిదీ ఒకటే కావచ్చుగానీ కూలి ఒకటి కాదు.

హైదరాబాదు నగరంలో ఈ విద్య విదేశీ సాయంతో మరింత ఎత్తుకు ఎదిగింది. చిన్న పరిశ్రమల శిక్షకులకోసం 1962లో సియెట్ పేరుతో వచ్చి నేడు నిమ్స్‌మేగా సాగుతున్న యూసుఫ్‌గూడ సంస్థ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల తోడ్పాటుతో 1968లో బాలానగర్‌లో ఏర్పడిన కేంద్ర పనిముట్ల రూపకల్పన సంస్థ, స్వీడన్ సహాయంతో 1974లో రామంతాపూర్‌లో మొదలైన ఎలక్ట్రానిక్స్ శిక్షణ సంస్థ ఇందుకు నిదర్శనాలు. విదేశీ నిపుణులు, యంత్రాలు, పాఠాలు తెచ్చి, ఇక్కడి బోధకులకు నేర్పి, వారి ద్వారా ఐటీఐలన్నిటికీ చేర్చడం వీటి వెనుక ఉన్న పద్ధతి. కానీ రాజధాని నుంచి జుక్కల్ చాలా దూరం. పదో తరగతి దాకా చదవడమే కష్టమైన, రెండు మూడు భాషల మధ్య పెరిగిన సరిహద్దు పిల్లలకు, ఆ మెట్లు దిగి వచ్చే విద్య కోసం ఎదురుచూసేంత సమయం లేకపోయింది.

ఆ లోపే గల్ఫ్ తలుపు తెరుచుకుంది. 1973 తరువాత చమురు ధరలు పెరిగి అరబ్బు దేశాలు నగరాలు కట్టడం మొదలుపెట్టాక, నిజామాబాద్, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నుంచి యువకులు పెద్దయెత్తున వలసపోయారు. ఏ దేశానికి పోయినా ఊళ్లో అది ‘దుబాయి పోవుడే’. దారి మాత్రం పాతదే: కామారెడ్డి స్టేషనులో రైలెక్కి బొంబాయి చేరడం, అక్కడ ఏజెంటు ఇచ్చిన గదిలో వీసా కోసం పడి ఉండటం. మేస్త్రీ స్థానంలో ఏజెంటు వచ్చాడు, బయానాకు బదులు అప్పు వచ్చింది. ఒకప్పుడు పనివాడికి ఇచ్చి తీసుకుపోయిన డబ్బును ఇప్పుడు పనివాడే ఇచ్చి పోవలసి వచ్చింది. బావి తవ్వడంలోనో గోడ కట్టడంలోనో ఏళ్ల అనుభవం ఉన్నవాడు కూడా వీసాలో ‘లేబర్’ అని ఉంటే అదే కూలికి పనిచేయాలి. యజమానిని అక్కడ కఫీల్ అంటారు. అతని హామీ మీదే వీసా ఉంటుంది కాబట్టి, వేరే చోట మంచి పని దొరికినా మారడం నేరమయ్యేది. అలా మారి పత్రాలు పోగొట్టుకున్నవారిని ‘ఖల్లివల్లి’ అయ్యారని తోటివారు చెప్పుకొనేవారు.

వలసను అదుపుచేసే చట్టం పనితనాన్ని ఎలా చూసిందో ఇక్కడ గమనించాలి. ఒప్పంద కూలీ విధానం రద్దయ్యాక వచ్చిన 1922 నాటి వలస చట్టం నైపుణ్యం లేని పనికి వెళ్లేవారినీ, చేతివృత్తుల వంటి నైపుణ్యపు పనికి వెళ్లేవారినీ రెండు వర్గాలుగా విడదీసింది. దాని స్థానంలో వచ్చిన 1983 నాటి చట్టం కింద రూపొందిన పద్ధతిలో గీత వేరే చోట పడింది: నిర్ణీత దేశాలకు ఉద్యోగానికి వెళ్లేవారు వలస రక్షణాధికారి అనుమతి పొందాలి, పదో తరగతి ప్యాసైనవారికి మాత్రం ఆ అవసరం లేదు. దీనివల్ల ఇరవై ఏళ్ల అనుభవమున్న తాపీ మేస్త్రీ బడి చదువు లేనందున అనుమతి అవసరమైనవాడయ్యాడు. ఏ పనీ రాని పదో తరగతి కుర్రవాడు దాని బయట ఉన్నాడు. చదువులేనివారికి రక్షణ కల్పించాలన్న ఉద్దేశం సరైనదే అయినా, అనుమతి అవసరమని పాస్‌పోర్టు మీద వేసిన గుర్తు పనివాడి నేర్పు గురించి ఏమీ చెప్పలేదు.

ఇటువంటి సమస్యనే ప్రపంచానికి మరో మూల ఉన్న కరీబియన్ దీవులు ఎదుర్కొన్న తీరు పోల్చి చూడదగినది. 1904–14 మధ్య పనామా కాలువ తవ్వకానికి బార్బడోస్ మొదలైన దీవుల నుంచి వెళ్లిన నల్లజాతి కూలీలను, ఎంత పనితనమున్నా, వెండి నాణేల జీతం పట్టీలో రాసి, తెల్లజాతి అమెరికన్ ఉద్యోగులను బంగారు పట్టీలో ఉంచారు. 1966 నుంచి జమైకావారు కెనడాలో వ్యవసాయపు సీజను పనికి వెళ్తూ వచ్చారు. అయితే 1982లో జమైకా హార్ట్ ట్రస్టు పేరుతో జాతీయ శిక్షణ సంస్థను స్థాపించుకోవడం, తరువాత ఆ దీవుల శిక్షణ సంస్థలన్నీ కూటమి కట్టి 2007 నుంచి కరీబియన్ వృత్తి అర్హత అనే ఉమ్మడి సర్టిఫికెట్ తేవడం వల్ల, ఒక దీవిలో ప్లంబర్‌గా పరీక్ష నెగ్గినవాడు మరో దీవిలోనూ ప్లంబరే అన్న ఒప్పందం కుదిరింది. చిన్న దేశాలు కలిసి నిలబడి తమ పనివారి పరీక్షను ఇతరులచేత ఒప్పించుకున్న ఈ పద్ధతి, కోట్లమంది పనివారున్న భారతదేశానికి గల్ఫ్‌తో వ్యవహారంలో చాలాకాలం లేకపోయింది.

ఇటీవలి దశాబ్దాల్లో ఆ లోటును పూడ్చే ప్రయత్నాలు మొదలయ్యాయి. 1998లో హైదరాబాదులో ఏర్పడిన జాతీయ నిర్మాణ అకాడమీ తాపీపని, ప్లంబింగ్, వెల్డింగ్ వంటి వాటిలో స్వల్పకాలిక శిక్షణ ఇస్తూ, బడి చదువు అంతగా లేనివారికీ సర్టిఫికెట్ అందేలా చేసింది. రాష్ట్రం విడిపోయాక వచ్చిన తెలంగాణ ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ, వాడుకలో టామ్‌కామ్, హైదరాబాదు మల్లేపల్లి ఐటీఐ ఆవరణ నుంచే పనిచేస్తూ, ప్రభుత్వమే ఏజెంటుగా నిలిచి విదేశీ ఉద్యోగాలకు ఎంపికలు జరుపుతోంది. గల్ఫ్‌తో ఆగక, జర్మనీకి నర్సులను, జపాన్‌కు వృద్ధుల సంరక్షకులను భాష నేర్పి పంపుతోంది. భాష కూడా పనితనంలో భాగమే అన్న ఈ గుర్తింపు, పుట్టుకతోనే రెండు మూడు భాషలు వినే జుక్కల్ పిల్లలకు అనుకూలమైనది. మరోవైపు 2023 నుంచి సౌదీ అరేబియా, వెల్డర్, ప్లంబర్, ఎలక్ట్రీషియన్ వంటి పనులకు వచ్చేవారు వీసాకు ముందే భారతదేశంలో పరీక్ష నెగ్గి రావాలన్న నియమం అమలు చేస్తోంది. ఇక్కడ పరీక్ష పెట్టేదీ, ఫలితాన్ని ఒప్పుకొనేదీ ఒకే దేశం కాబట్టి పత్రానికి విలువ ఉంది. ఆ పరీక్షను నిర్ణయించడంలో పనివాడి దేశానికి ఎంత మాట ఉందన్నది మాత్రం ఒప్పందాల బల్ల దగ్గర తేలవలసినది.

శిక్షణ సంస్థల వైపు చూస్తే, టాటా టెక్నాలజీస్‌తో ఒప్పందం చేసుకొని రాష్ట్రంలోని 65 ప్రభుత్వ ఐటీఐలను అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పనికి 2024 జూన్ 18న మల్లేపల్లిలో శంకుస్థాపన జరిగింది. కంప్యూటరు నియంత్రణలో నడిచే లేతులు, రోబోలు, విద్యుత్ వాహనాల మరమ్మతు ఇందులోని కొత్త పాఠాలు. జుక్కల్‌కు పొరుగున ఉన్న బిచ్కుందలోని ప్రభుత్వ ఐటీఐ కూడా ఈ మార్పులో భాగమైంది. 1956లో ఒకే చట్టంతో, ఒకే తాలూకా నుంచి విడివడి వచ్చిన రెండు సర్కిళ్లలో ఒకదానికి ఇటువంటి కేంద్రం రావడానికి దాదాపు డెబ్బై ఏళ్లు పట్టింది.

యంత్రాలు రావడం ఈ కథలో సగమే. జడ్డిగం తొలిచిన వడ్రంగికీ, కామాటిపుర చేరిన రాతిపనివాడికీ, నిజాంసాగర్ కట్టను లేపినవారికీ పనితనం తక్కువై కూలి తగ్గలేదు; వారి నేర్పును నిర్ధారించి, అపరిచితుడైన యజమానికి చెప్పే వ్యవస్థ లేనందువల్ల మధ్యవర్తి లాభపడ్డాడు. కూపర్స్ హిల్ పట్టా ఇంజనీరుకు ఇచ్చిన గౌరవాన్ని బిచ్కుంద ఐటీఐ సర్టిఫికెట్ వెల్డరుకు ఇవ్వాలంటే, రియాద్‌లోనూ టోక్యోలోనూ ఆ పత్రానికి చెల్లుబాటు ఉండేలా ప్రభుత్వాలు ఒప్పందాలు కుదుర్చుకోవాలి, ఊళ్లో పని నేర్చి బడి మానేసినవారికీ పరీక్ష రాసి అదే పత్రం పొందే వీలు కల్పించాలి. ఈ రెండూ జరిగిన మేరకు ఏజెంటు చేతిలోని సాక్ష్యం పనివాడి చేతికి మారుతుంది, అప్పు చేసి వీసా కొనవలసిన అవసరం కూడా ఆ మేరకే తగ్గుతుంది.